పడుకున్న మీటరు

ఆ ఉదయానికి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి కారు తీయాలి. పదకొండింటికి లైసెన్సు ఆఫీసు వెనక మైదానంలో ఉండాలి. ఇంటి యజమానికి మాత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని చెప్పాలి.

యజమాని లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళపాటు ఊళ్ళో లిఫ్టులన్నీ ఆయన సంతకం కోసం ఆగాయి. ఇప్పుడు ఆపడానికి లిఫ్టులు లేక ఇంట్లోవాళ్ళని ఆపుతున్నాడు.

భార్యకి యాభై ఆరేళ్ళు. ఆవిడ చెల్లెలికి ఏడాది కిందట పక్షవాతం వచ్చింది. ఆ ఊరు కారులో రెండు గంటల దారి. బస్సులు మారి వెళ్తే వెళ్ళడానికే ఒక పూట పడుతుంది. ఇన్‌స్పెక్టరు ఏడాదిలో మూడుసార్లు తీసుకెళ్ళాడు. మూడుసార్లూ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "ఇక బయల్దేరదామా?" అన్నాడు. చివరిసారి చెల్లెలు ఏదో చెప్తూ ఉంది. పక్షవాతం వచ్చిన మనిషి ఒక మాట పూర్తి చెయ్యాలంటే టైము పడుతుంది. ఆయన దగ్గర అంత టైము లేదు. ఇంటికొచ్చి నిద్రపోవాలి.

ఆ నిద్రలోనే ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయన మీద పిడుగు పడ్డా లేవడు. నేర్పింది ఆయన సొంత చెల్లెలే. మేడ మీద వాటాలో ఉంటుంది, నర్సు. మూడు నెలల్లో పెట్రోలు ఎందుకు తరుగుతోందో అర్థంకాక ఇన్‌స్పెక్టరు ట్యాంకు మూతకి తాళం వేయించాడు. తాళంచెవి జాగ్రత్తగా దాచమని భార్యకిచ్చాడు.

నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు గడువు ఆ రోజుతో ఆఖరు. పదకొండింటి పరీక్ష తప్పితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. రెండోసారి మొదలుపెట్టే గుండె తనకి లేదని ఆవిడకి తెలుసు.

ఒక చిక్కు ఉంది. ఆవిడ పొట్టిది. సీట్లో కూర్చుంటే స్టీరింగు చక్రం సరిగ్గా మీటరుకి అడ్డం వస్తుంది, స్పీడు ముల్లు కనిపించదు. ముందురోజు సాయంత్రం ఆడపడుచు అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని స్టీరింగు కింద, మోకాలి దగ్గరుండే సాకెట్లో పెడితే స్పీడు అంకెలు ఫోనులో అరచేయంత కనిపిస్తాయి. పరీక్ష చేసే అధికారి ముందు వంగి సాకెట్టు వెతుక్కుంటే బాగుండదని, ఇన్‌స్పెక్టరు స్నానానికి వెళ్ళిన టైములో ఇద్దరూ కలిసి ముందే పెట్టేశారు. తాళం తిప్పి చూడలేదు. చూసి ఉంటే ఈ కథ లేదు.

ఉదయం ఏడింటికి ఇన్‌స్పెక్టరు కారు తుడవడానికి వెళ్ళి, అలవాటుగా తాళం తిప్పాడు. ఇంజను మోగింది. మీటరులో ముళ్ళన్నీ పడుకుని ఉన్నాయి. స్పీడు లేదు, పెట్రోలు లేదు, వేడి లేదు. దీపాలు మాత్రం అన్నీ ఒక్కసారే వెలిగి వెక్కిరించాయి.

"ఈ బండి గడప దాటడానికి వీల్లేదు," అన్నాడు ఇంట్లోకొచ్చి.

"అన్నయ్యా, వదినని నేను తీసుకెళ్తున్నా కదా. ముల్లు లేకపోతే కళ్ళ డాక్టరు చూడనంటాడా?"

"కారణం తెలియకుండా లిఫ్టే నడవనివ్వలేదు నేను. కారు నడవనిస్తానా?"

కార్ల ఎలక్ట్రీషియనుకి ఫోను చేశాడు. వీధి చివర షెడ్డు, అరవై ఏళ్ళ మనిషి. చూడకుండా చెప్పడు, చూశాక అబద్ధం చెప్పడు. అందుకే షెడ్డు ఇంకా చిన్నదిగానే ఉంది.

ఎలక్ట్రీషియను వస్తున్నాడనగానే ఆవిడకి డబ్బా గుర్తొచ్చింది. స్టీరింగు కింద చూస్తే డబ్బా దొరుకుతుంది, డబ్బా దొరికితే మూడు నెలల మధ్యాహ్నాలు దొరుకుతాయి. గొడుగు కారులో ఉందంటూ వెళ్ళి డబ్బా పీకి చేతిసంచిలో వేసుకుంది.

ఎలక్ట్రీషియను వచ్చి తాళం తిప్పాడు. ముళ్ళన్నీ బుద్ధిగా లేచి నిలబడ్డాయి.

"బాగానే ఉంది కద సార్."

"ఇందాక లేదు!"

ఎలక్ట్రీషియను బండి లోపాలు చదివే తన స్కానరు తెచ్చి ఖాళీగా ఉన్న సాకెట్లో పెట్టాడు. "మీరన్నది నిజమే. మీటరు పలకలేదని బండి కంప్యూటరు రాసుకుంది. ఇంజను, బ్రేకు, మీటరు అన్నీ రెండే తీగల మీద మాట్లాడుకుంటాయి సార్. ఎక్కడో మాట తెగింది. ఇప్పుడు మాత్రం శుభ్రంగా మాట్లాడుకుంటున్నాయి." ఒక నట్టు బిగించి, ఫ్యూజు తీసి పెట్టి వెళ్ళిపోయాడు.

ముళ్ళు పడుకోవడానికి డబ్బాయే కారణమని తట్టక, గండం గడిచిందనుకుని ఆవిడ డబ్బా మళ్ళీ సాకెట్లో పెట్టింది. పది నిమిషాలకి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వెళ్ళాడు. తనిఖీ తర్వాత తనిఖీ ఆయన ఉద్యోగధర్మం. తాళం తిప్పాడు. ముళ్ళు పడుకున్నాయి.

ఫోనులో ఆయన అరుపు వంటింట్లోకి వినిపించింది. ఈసారి ఆవిడకి చీపురు కారులో ఉందని గుర్తొచ్చింది.

ఎలక్ట్రీషియను వచ్చాడు. తాళం తిప్పాడు. ముళ్ళు లేచాయి.

"ఏమయ్యా, నువ్వు వెళ్తే పోతుంది, నువ్వొస్తే వస్తుంది. మళ్ళీ మళ్ళీ పిలిపించుకోవడానికి ఏదైనా పెట్టి వెళ్తున్నావా?"

ఎలక్ట్రీషియను మొహం నల్లబడింది. "నలభై ఏళ్ళలో ఈ మాట నన్నెవరూ అనలేదు సార్. కారణం దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదలను. అన్నం పెట్టినా పెట్టకపోయినా సరే."

అన్నంత పనీ చేశాడు. స్టీరింగు కింద మూత ఊడదీశాడు. మీటరు చుట్టూ ఉన్న చట్రం ఊడదీశాడు. మీటరునే పెరికి ఒళ్ళో పెట్టుకున్నాడు. స్క్రూలు పళ్ళెంలో పోశాడు. బ్యాటరీ తీగ తప్పించి, రెండు తీగల మధ్య కొలత చూసి, "అరవై ఓములు ఉండాలి, అరవై ఉంది. తీగల తప్పు కాదు," అన్నాడు. టైము తొమ్మిదైంది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన కారు పెంకు తీసిన తాబేలులా ఉంది.

అప్పుడే మేడ మీది ఫోను మోగింది. వార్డులో నర్సు ఒకతె రాలేదట. ఆడపడుచు చెప్పులేసుకుంటూ వదిన చెవిలో, "పక్కన లైసెన్సున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చాలు వదినా, వెళ్ళిపో," అంది.

"ఎవరున్నారు?"

"మా అన్నయ్య ఉన్నాడుగా," అని నవ్వలేక నవ్వి వెళ్ళిపోయింది.

పదింటికి ఎలక్ట్రీషియను అన్నీ బిగించాడు. ముళ్ళు లేచే ఉన్నాయి. ఆయన చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి, ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళారు. అన్నీ విప్పి చూసి ఏమీ దొరకలేదంటే ఇక ఏమీ లేనట్టేనని ఆవిడ లెక్క. డబ్బా పెట్టింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి తాళం తిప్పాడు.

"పడుకుంది! రావయ్యా, పడుకుంది!"

ఎలక్ట్రీషియను తడిచేతులతో పరుగెత్తుకొచ్చాడు. రోగం ఎదురుపడిన డాక్టరులా ఆయన మొహం వెలిగింది. స్కానరు పెడదామని సాకెట్టు దగ్గర చెయ్యి పెట్టాడు. అక్కడ ఇంకేదో ఉంది. పీకాడు. ముళ్ళు లేచాయి. పెట్టాడు. పడుకున్నాయి. మళ్ళీ పీకాడు.

"దొరికింది సార్. నాసిరకం సరుకు. నలుగురు మాట్లాడుకుంటుంటే మధ్యలో మైకు పెట్టి అరుస్తోంది. ఇంక మీటరుకి ఎవరి మాట వినబడుతుంది?"

ఇన్‌స్పెక్టరు ఆ నల్ల డబ్బాని వేలితో ముట్టకుండా చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇది నా మీద నిఘా."

"ఏంటి సార్?"

"నేను ఎక్కడికెళ్తున్నానో చూస్తున్నారు. నేను సర్టిఫికెట్టు ఆపిన కంపెనీలు పదకొండు. మర్చిపోతారనుకున్నావా?"

ఆయన రిటైరై ఆరేళ్ళయింది. ఆ పదకొండు కంపెనీల్లో ఏడు మూతపడ్డాయి, మిగిలినవాళ్ళకి ఆయన బతికున్నట్టే తెలియదు. కానీ తనని ఎవరూ పట్టించుకోవడంలేదని నమ్మడం కంటే శత్రువులు వెంటాడుతున్నారని నమ్మడం మగవాడికి సుఖం.

లోపలికి వెళ్ళి నాలుగంగుళాల ఫైలు తెచ్చాడు, పదకొండు కంపెనీల మీద తను రాసిన రిపోర్టుల నకళ్ళు. డబ్బాని ప్లాస్టిక్ సంచిలో వేయించాడు.

"పదండి పోలీసు స్టేషనుకి. నేను స్టీరింగు ముట్టను, వేలిముద్రలు చెరిగిపోతాయి."

"నావి ఎలాగూ నిండా ఉన్నాయి సార్, నేను నడుపుతాను," అన్నాడు ఎలక్ట్రీషియను.

"నావీ ఉన్నాయి," అంది ఆవిడ.

టైము పదిన్నర దాటింది. ఆవిడ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"ఏమే, నీకేమైనా పిచ్చా? దిగు!"

"మీరు వెనక కూర్చోండి. సాక్ష్యం జాగ్రత్త. ఏమయ్యా, నీకు లైసెన్సుందా?"

"ఉందమ్మా."

"అయితే నా పక్కన కూర్చో."

ఎలక్ట్రీషియను ఆవిడని చూశాడు, సంచిలో డబ్బాని చూశాడు, తను వచ్చిన రెండుసార్లూ గొడుగనీ చీపురనీ అంటూ ఆవిడ కారు దిగి వెళ్ళడం తలుచుకున్నాడు. పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఆయన్ని కారణం అడిగితే అబద్ధం చెప్పడు. ఎవరూ అడగలేదు.

కారు గేటు దాటింది, గీత కూడా పడలేదు. మొదటి మలుపులో ఇన్‌స్పెక్టరు దేవుణ్ణి పిలిచాడు. రెండో మలుపులో ఫైలుని ఒళ్ళోకి లాక్కున్నాడు. మూడో మలుపు తర్వాత, "నీకిదెప్పుడొచ్చింది?" అన్నాడు.

"మీరు నిద్రపోతున్నప్పుడు."

"స్టేషను! స్టేషను దాటిపోయావ్!"

"తెలుసు. ఆ డబ్బా నాది."

వెనక సీట్లో ఒక మనిషి పదకొండుమంది శత్రువుల్ని ఒక్కసారే పోగొట్టుకున్నాడు.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా పరీక్ష అధికారి కారు దగ్గరికొచ్చాడు. డబ్బా లేకుండా స్పీడు కనబడదు. ఆవిడ వెనక్కి చెయ్యి చాచింది.

"ఆ ఫైలు ఇటివ్వండి."

అధికారికి చూపిస్తుందేమోనని ఆయన ఆశగా ఇచ్చాడు. ఆవిడ దాన్ని సీటు మీద పెట్టుకుని కూర్చుంది. ముల్లు కనిపించింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఒక మనిషిని నాలుగంగుళాలు పైకి లేపింది. లిఫ్టుల శాఖలో ఆయన చేసిన పనుల్లో ఇది మేలైనది.

ఆవిడ ముందుకు నడిపింది, వెనక్కి నడిపింది, ఎత్తు మీద ఆపి జారకుండా ఎక్కించింది. అధికారి రెండు ప్రశ్నలడిగి సంతకం పెట్టాడు. అరగంటలో కాగితం చేతికొచ్చింది.

"ఇటునుంచి ఇటే చెల్లెలి దగ్గరికి వెళ్తున్నా," అంది.

"తాళం ఇటివ్వు. అంత దూరం నీవల్ల కాదు, నేను నడుపుతాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు, పోయిన పరువు ఇంకా దగ్గర్లోనే ఉందేమోనని వెతుక్కుంటూ.

గేటు దగ్గర అధికారి ఇంకా నిలబడే ఉన్నాడు. "మీ లైసెన్సు చూపించండి సార్, ఒకసారి."

ఇన్‌స్పెక్టరు పర్సు తీశాడు. అధికారి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గడువైపోయి పద్నాలుగు నెలలైంది. ఏడాది దాటితే మళ్ళీ మొదటినుంచే. ఫారం ఆ కిటికీలో ఇస్తారు."

ఎలక్ట్రీషియను ఆకాశం వైపు చూశాడు. ఆవిడ టైము చూసుకుంది.

"త్వరగా రాసి రండి. నేను తాళం తిప్పుతున్నా," అంది.

ఫారం చివర, బండి నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చునే లైసెన్సుదారు వివరాలు రాయాలి. ఇన్‌స్పెక్టరు భార్య పేరు రాశాడు. పుట్టిన తేదీ దగ్గర కలం ఆగింది. కారు దాకా వచ్చి అద్దం మీద తట్టి, ముప్పై నాలుగేళ్ళ కాపురం తర్వాత ఆ తేదీని ఆవిడ లైసెన్సులో చూసి రాసుకున్నాడు.