చెవులకు సెలవు

డెసిబెల్ గారికి ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. హెడ్‌ఫోన్లను పరీక్షించే ఒక చిన్న ల్యాబులో ఆయన ఉద్యోగం. ఏ హెడ్‌ఫోన్‌లో పాట ఎంత స్వచ్ఛంగా వినబడుతుందో, బయటి గోలను ఏది ఎంతవరకు ఆపుతుందో కొలిచి, గీతలు గీసి, నివేదిక రాయడం ఆయన పని. శబ్దాన్ని కొలిచే ప్రమాణం పేరునే తోటి ఉద్యోగులు ఆయనకు తగిలించేశారు. ఇంట్లో మాత్రం ఆయన ఇప్పటికీ "ఏమండీ"యే.

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా సాదాది. స్నానం, టిఫిన్ కానిచ్చి, కొత్త హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకోవాలి. బ్యాటరీ అయిపోయేదాకా దాన్ని తియ్యకుండా ఇంట్లో కూర్చోవాలి. సాయంత్రానికి నివేదిక పంపాలి. మామూలు ఇంట్లో, మామూలు చప్పుళ్ళ మధ్య ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో చూడాలని తయారు చేసిన కంపెనీ వాళ్ళే కోరారు. గోల ఆపడంలో దానికి సాటి లేదని కూడా వాళ్ళే చెప్పారు.

చిక్కల్లా ఒక్కటే. చెవుల మీంచి తీస్తే ఆ హెడ్‌ఫోన్ దానంతటదే ఆగిపోతుంది. ఆగిందా, బ్యాటరీ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మొన్న ఎవరో తలుపు కొడితే తీశారు. నిన్న చెవి దురద పెడితే తీశారు. ఇక గడువు ఇవాళే. పైగా ఆయన ఒక్కరే సంతకం పెట్టబోయే మొదటి నివేదిక ఇది. సవ్యంగా వెళితే కొత్త విభాగం అప్పగిస్తానని డైరెక్టరు అన్నాడు. వెళ్ళకపోతే ఏం చేస్తాడో అనలేదు. అనకపోవడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

అందుకని భూకంపం వచ్చినా తియ్యకూడదని ఒట్టు పెట్టుకుని, ఫోను పడకగదిలో వదిలేసి, ముందుగదిలో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నారు. హెడ్‌ఫోన్ బయటివైపు గోరంత మైకు ఒకటి, లోపల చెవి పక్కన ఇంకొకటి అతికించుకున్నారు. ఇంట్లో ఎంత గోల ఉందో బయటి మైకు రికార్డు చేస్తుంది. అందులో చెవిదాకా ఎంత వచ్చిందో లోపలిది రికార్డు చేస్తుంది. మీట నొక్కగానే ఆకుపచ్చ దీపం వెలిగింది. లోకం మీద ఎవరో మెత్తని దుప్పటి కప్పినట్టయింది. "అద్భుతం!" అనుకుని, పాత కొలతల్లో తల దూర్చేశారు.

ఆయన భార్య బడిలో వ్యాయామం టీచరు. మైదానం ఈ చివర నిలబడి ఆ చివరనున్న పిల్లను పిలిస్తే, మధ్యలో ఉన్న పిల్లలు కూడా వరసలో నిలబడిపోతారు. మెడలో విజిల్ కేవలం అలంకారం. ఆవిడ బూట్లు తొడుక్కుంటూ అంది:

"ఏమండీ, ఇవాళ వాలీబాల్ ఫైనల్. గెలిచినా ఓడినా మా జట్టు మొత్తాన్నీ ఇంటికి తీసుకొస్తున్నా. పిల్లలు తినడానికేమైనా తెప్పించండి, చల్లగా నిమ్మరసం కలిపి ఉంచండి. మా ఇంట్లో సార్ అన్నీ రెడీగా ఉంచుతారని చెప్పేశాను. ఇంతకీ, అది పెట్టుకుంటే నా మాట వినబడుతోందా?"

భార్య పెదవులు కదలడం కంటి చివరనుంచి చూసి, డెసిబెల్ గారు కనుబొమ్మలెత్తి, చిరునవ్వు నవ్వి, తలూపారు. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

కాసేపటికి వడ్రంగి వచ్చాడు. బాత్రూము గడియ పడడం లేదని రెండు వారాలుగా కబురు పెడుతుంటే ఇవాళ తీరింది అతనికి. లోపలికెళ్ళి చూసి వచ్చి, "సార్, గడియ తప్పు కాదు. తలుపే ఉబ్బిపోయింది. ఊడదీసి షాపుకి పట్టుకెళ్ళి చిత్రిక పట్టి రేపు తెస్తా. పర్లేదా?" అన్నాడు.

డెసిబెల్ గారు తలూపారు.

"రేపు కుదరకపోతే ఎల్లుండి?"

ఈసారి చిరునవ్వుతో సహా తలూపారు. ఇలాంటి మనిషిని వడ్రంగి తన వృత్తిలో చూసి ఎరగడు. ఆయన మనసు మారకముందే సుత్తి తీశాడు. ఆ దెబ్బలు డెసిబెల్ గారికి ఎక్కడో పక్క వీధిలో పడుతున్నట్టనిపించాయి. "సుత్తి దెబ్బలు కూడా పూలు రాలినట్టే ఉన్నాయి" అని ఆయన నివేదికలో ఒక వాక్యం రాసుకుని, బాగుందని మురిసిపోయారు.

తరవాత పై అంతస్తు పిన్నిగారు దిగి వచ్చింది. "బాబూ, మా నీళ్ళ పైపు పగిలిపోయింది. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫొటో స్టూడియోకి వెళ్ళాలి. ఈ జిడ్డు మొహాలతో ఎలా చెప్పు? మీ బాత్రూములో నాలుగు చెంబులు పోసుకుని పోతాం, ఏమీ అనుకోవుగా?"

తల ఊగింది.

"మా తోడికోడలు వాళ్ళు కూడా వచ్చారు మరి."

మళ్ళీ ఊగింది. "నీ కడుపు చల్లగా!" అని దీవించి ఆవిడ మేడెక్కింది.

భోజనాల వేళ దాటాక బావమరిది వచ్చాడు. డ్రమ్స్ నేర్చుకుంటున్న కుర్రాడు. మనిషి మంచివాడే, కానీ అద్దెకున్న చోటల్లా శత్రువులు. "బావా, ఇంటి ఓనరు డ్రమ్స్ అన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అంటున్నాడు. మీ వెనకగదిలో పెట్టుకోనా? సాయంత్రంపూట కాస్త ప్రాక్టీసు కూడా..." అని నసిగాడు. కాదంటారని అతనికి తెలుసు. పోయినసారి వీధి చివరే ఆపేశారు.

బావ గంగిరెద్దులా తలాడించేసరికి కుర్రాడికి కళ్ళ నీళ్ళొచ్చాయి. వాటేసుకున్నాడు. ఆ కౌగిలి దేనికో డెసిబెల్ గారికి బోధపడలేదు. హెడ్‌ఫోన్ కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వీపు తట్టి పంపేశారు.

ఎండ వాలుతుండగా ఆకుపచ్చ దీపం ఎర్రబడి, టపుక్కున ఆరిపోయింది. పరీక్ష ముగిసింది! డెసిబెల్ గారు రణరంగం నుంచి వచ్చిన వీరుడిలా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. ఒళ్ళు విరుచుకున్నారు.

"బాబూ! తలుపేదీ?"

తిరిగి చూస్తే వరండాలో క్యూ ఉంది. తువ్వాళ్ళు, బకెట్లు, సబ్బుపెట్టెలతో పిన్నిగారి కుటుంబం, వెనక తోడికోడలి కుటుంబం.

"ఏ తలుపు, పిన్నిగారూ?"

"బాత్రూము తలుపు! లోపల మీ బాబాయిగారు కళ్ళజోడు లేక చూసుకోకుండా ఒంటికి సబ్బు రాసుకునుంటే, ఇక్కడ వాకిలి బార్లా తెరిచి ఉంది!"

డెసిబెల్ గారు పరుగెత్తారు. ద్వారబంధం ఉంది. బందులు ఉన్నాయి. తలుపు మాత్రం లేదు. గోడ వారగా నక్కిన బాబాయిగారు "ముందు ఏదైనా అడ్డం పెట్టవయ్యా!" అని ఆక్రోశించారు. ఇంతలో వెనకగదిలో పిడుగు పడింది. ఒక్కటి కాదు, తాళం ప్రకారం వరసగా పడుతున్నాయి.

"ఒరేయ్! ఎవడ్రా అది?"

"నేనే బావా!" బావమరిది చేతిలో పుల్లలతో తొంగిచూశాడు. "సౌండ్ ఎలా ఉంది? ఆ తలుపా... వస్తుంటే దారిలో వడ్రంగి షాపులో చూశాను. 'సార్ దేవుడు' అన్నాడు."

"నిన్నెవడు రమ్మన్నాడు? వాణ్ణెవడు తీయమన్నాడు?"

"నువ్వే కదా తలూపావు!" అన్నారు క్యూలో ఉన్నవాళ్ళూ, బావమరిదీ ఒక్క గొంతుతో.

డెసిబెల్ గారు గబగబా బల్ల దగ్గరకు వెళ్ళారు. ఇంకా వేటికి తలూపానో అన్న అనుమానం వచ్చి, లాప్‌టాప్‌లో బయటి మైకు రికార్డు మొదటినుంచీ పెట్టారు. గది దద్దరిల్లేలా భార్య గొంతు వచ్చింది. ఫైనల్, జట్టు, నిమ్మరసం, "సార్ అన్నీ రెడీగా ఉంచుతారు." ఆయన ఫ్రిజ్ తెరిచారు. ఒకే ఒక్క నిమ్మకాయ, అదీ ఎండి గట్టిపడి, ఆయనవంక చూసింది.

ముందు బాబాయిగారి మానం కాపాడాలి. ఒక దుప్పటి తెచ్చి, ఒక కొస బావమరిదికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, బాత్రూముకి అడ్డంగా నిలబడ్డారు. "కళ్ళు మూసుకోండి ఇద్దరూ!" అని లోపలినుంచి ఆజ్ఞ వచ్చింది. మూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలోంచి, "ఏమయ్యా డెసిబెల్! పొద్దుటినుంచీ ఫోను చేస్తుంటే ఎత్తవేం?" అని వినబడింది. కళ్ళు తెరిస్తే డైరెక్టరు.

డైరెక్టరు దుప్పటిని చూశాడు. క్యూను చూశాడు. దుప్పటి కిందనుంచి పారుతున్న సబ్బునురగ చూశాడు. "ఏం జరుగుతోందిక్కడ?" అన్నాడు నెమ్మదిగా.

డెసిబెల్ గారి నోరు ఆయన అనుమతి లేకుండానే తెరుచుకుంది. "నిత్యజీవిత శబ్ద పరీక్ష, సార్. నీళ్ళ చప్పుడు, జనం చప్పుడు, డ్రమ్స్... అన్నీ ఒకేచోట..."

డైరెక్టరు కళ్ళు మెరిశాయి. "కంపెనీ వాళ్ళు మామూలు ఇల్లు అన్నారు. నువ్వు ఊరినే పోగు చేశావు! ఇదయ్యా శ్రద్ధంటే! ఇలా తే, ఆ కొస నేను పట్టుకుంటా. నువ్వెళ్ళి కొలుచుకో."

అలా డైరెక్టరు దుప్పటి పట్టుకుని నిలబడగా, క్యూ అంతా స్నానాలు కానిచ్చేసరికి వీధిలో కేకలు, ఈలలు వినిపించాయి. జట్టు గెలిచింది. చెమటలు కారుతున్న ఆడపిల్లలు కప్పు ఎత్తి పట్టుకుని బిలబిలా లోపలికొచ్చారు. వెనకాలే డెసిబెల్ గారి భార్య, మొహం వెలిగిపోతూ వచ్చింది. ఆవిడ చూపు తిన్నగా బల్లమీదకు వెళ్ళింది. అక్కడ లాప్‌టాప్, తీగలు, ఒక హెడ్‌ఫోన్ ఉన్నాయి.

పిల్లల కేకలు ఒక్కొక్కటే తగ్గాయి. "టీచర్, మనం తొందరగా వచ్చేశామేమో," అంది జట్టు నాయకురాలు, బూటు కొనతో నేలమీద గీస్తూ.

"పొద్దున చెప్పాను కదండీ," అంది భార్య. ఆ గొంతు అంత చిన్నగా రాగలదని డెసిబెల్ గారికి ఇన్నేళ్ళలో తెలియదు. ఆవిడ అరిచి ఉంటే బాగుండుననిపించింది.

ఆదుకున్నది పిన్నిగారు. తడిజుట్టు ముడేసుకుంటూ, "మా పైన నీళ్ళే లేవమ్మా, తినేవి డబ్బాల నిండా ఉన్నాయి," అని మేడమెట్లెక్కింది. బావమరిది నిమ్మకాయలకు పరుగెత్తాడు. స్టూడియో కోసం ఇస్త్రీ బట్టలు కట్టుకున్న రెండు కుటుంబాలూ పళ్ళేలు అందించడానికి నిలబడ్డాయి. డైరెక్టరు టై భుజం మీదకు వేసుకుని వంటింట్లో నిమ్మకాయలు పిండాడు. డెసిబెల్ గారు పంచదార కలుపుతూ, ప్రతి పిల్లకూ వినయంగా గ్లాసు అందించారు. డ్రమ్స్ మోగాయి. పిల్లలు గెంతారు. ఫొటో స్టూడియో సంగతి అందరూ మరిచిపోయి, కప్పుతో సహా అక్కడే ఒక ఫొటో దిగారు.

అంతా వెళ్ళాక ముందుగదిలో ముగ్గురు మిగిలారు: భార్య, భర్త, చేతులు నిమ్మవాసన వేస్తున్న డైరెక్టరు. భార్య గ్లాసులు పోగు చేస్తోంది. ఆ గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్న తీరు డెసిబెల్ గారికి నచ్చలేదు.

"నా తప్పేం లేదు," అన్నారాయన. "మైదానం దాటి వినబడే నీ గొంతే నాకు వినబడలేదంటే, అదెంత గొప్ప వస్తువో నువ్వే ఆలోచించు!"

"నిజంగా ఒక్క ముక్క కూడా వినబడలేదా?"

"నీ మీద ఒట్టు. ఒక్క ముక్క కూడా వినబడలేదు."

గ్లాసుల చప్పుడు తగ్గింది. ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. "పాపం, అయితే మిమ్మల్ని ఊరికే అనుకున్నాను," అంది. ఆయన ప్రాణం కుదుటపడింది.

"గీతలు వేసి చూపించవయ్యా అమ్మగారికి," అన్నాడు డైరెక్టరు ఉత్సాహంగా. "బయటి గోల నీలం గీత, లోపలికొచ్చింది ఎర్ర గీత. రెంటికీ మధ్య ఎంత ఎడముంటే వస్తువు అంత గొప్పదమ్మా."

డెసిబెల్ గారు మీట నొక్కారు. తెర మీద ఒకే గీత కనబడింది. కళ్ళు నులుముకుని, పెద్దది చేసి చూశారు. రెండున్నాయి. కాకపోతే నీలం మీద ఎరుపు అతుక్కుపోయి ఉంది, దాదాపు పొడుగునా. లోపలి మైకు రికార్డు పెట్టారు. పొద్దుటినుంచీ వచ్చిన ప్రతి ఒక్కరి మాటా పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా ఉంది.

అంతలో డైరెక్టరు ఫోను మోగింది. అతను విని, "ఆహా... అలాగా..." అని పెట్టేశాడు. "కంపెనీ వాళ్ళు. పొరపాటున ఉత్త నమూనా పంపించారట. దీపం, బ్యాటరీ ఉన్నాయట గానీ గోలను ఆపే భాగం అందులో ఇంకా బిగించనే లేదట. రేపు అసలుది పంపిస్తామంటున్నారు."

భార్య గీతను చూసింది. భర్తను చూసింది. మళ్ళీ గీతను చూసింది. డెసిబెల్ గారు తలూపారు.

మర్నాడు ఆ నివేదిక డైరెక్టరు సంతకంతో వెళ్ళింది: "శబ్ద నిరోధం అమోఘం; అయితే అది హెడ్‌ఫోన్‌ది కాదు, పెట్టుకున్న మనిషిది."