పదోనాటి కాకి, పడవ మోటారు

స్వామికార్యం, స్వకార్యం ఒకే ప్రయాణంలో చక్కబెట్టుకు రావాలని ఆ ఉదయం కైలాసం అనుకున్నాడు. మహాదేవ్‌పూర్‌లో కిరాణా కొట్టు నడిపేవాడికి ఆ లెక్కలో తప్పేమీ కనిపించదు. ఆ రోజు అతని తండ్రి ఈశ్వరయ్యకు పదోనాడు. కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున పిండం పెట్టి కాకికి చూపాలి. అదే ఒడ్డున, కొంచెం ఎగువన, ఒక జాలరి పడవకు బిగించి ఉన్న పాత మోటారును బాగుచేయడానికి జనగామ నుంచి మెకానిక్ ముత్తయ్య దిగిందీ ఆ రోజే. ఈసారి వెనక్కి పంపితే మళ్లీ దొరికే మనిషి కాదు. ఎట్లాగూ గోదావరికి పోవాల్సిందే కాబట్టి, రెండు పనులూ ఒక్క పోకలో తేలిపోతాయి.

మోటారు కొన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పుష్కరాలప్పుడు జనం నావ కోసం ఇసుకలో పొద్దంతా నిలబడటం చూసి కైలాసానికి ఆ ఆలోచన పుట్టింది. తెడ్లతో పోయే నావకు మోటారు తగిలిస్తే, అవతలి సిరొంచకు ఒకరు పోయేలోగా తాను పోయి రావచ్చు. తండ్రికి చెప్పాడు. నేల మీద కూర్చుని అమ్ముకునేవాడికి నీళ్ల మీద పనేమిటని ఈశ్వరయ్య అడిగాడు. కొడుకు ఎదురు చెప్పాడు. ఆ పూట నుంచి ఈశ్వరయ్య పెద్దకొడుకుతో మాట్లాడటం మానేశాడు.

అయినా కైలాసం హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన మోటారును కొని, గోనెసంచిలో చుట్టి తెచ్చి జాలరి ఇంట్లో దాచాడు. అది పరుగెత్తడం కళ్లారా చూస్తే ముసలాయన మెత్తబడతాడని అతని అంచనా. మోటారు నడవలేదు, ముసలాయన ఆగలేదు. చివరి గుక్క నీళ్లు కూడా చిన్నకొడుకు విశ్వనాథం చేతినుంచే తాగాడు, పెద్దకొడుకు గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉండగా. ఇక తండ్రి తనకు చెప్పాల్సిన మాట ఏదైనా మిగిలి ఉంటే, అది కాకి నోటనే రావాలి.

పోయినవాడి మనసులో కోరిక మిగిలితే కాకి పిండం ముట్టదు. ఆ కోరిక ఏమిటో కనిపెట్టి, తీరుస్తామని నలుగురిలో మాట ఇస్తే అప్పుడు ముడుతుంది. ఇది అందరికీ తెలిసిందే.

విస్తరిలో పిండం పెట్టి అందరూ వెనక్కి జరిగారు. తల్లి రుక్మిణి ఇసుకలో కూలబడింది. భర్త పోయినరోజు నుంచీ ఆమె నోట మాట లేదు. బయ్యారం నుంచి వచ్చిన కైలాసం చెల్లెలు జానకి ఆమెను పట్టుకుని కూర్చుంది. మేనమామ రామలింగం పెద్దరికం వహించాడు. తడిబట్టలతో కైలాసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కర్త కాబట్టి కాకి ముట్టేదాకా అక్కడినుంచి కదలకూడదు.

మద్దిచెట్టు మీది కాకుల్లో ఒకటి దిగింది. బేరం చేయడానికి వచ్చి అవసరం లేనట్టు నటించేవాడిలా పక్కకు పక్కకు నడిచి, మెడ చాచి, ముక్కు వంచింది. ఎగువనుంచి 'ఢాం' అని మోత వచ్చింది. చెట్టు మొత్తం ఖాళీ అయింది.

ఎవరో చేపలకు తూటా పెట్టి ఉంటారని రామలింగం విసుక్కున్నాడు. అది తూటా కాదని కైలాసానికి తెలుసు. ముత్తయ్య స్కూటర్లు, నీళ్ల ఇంజిన్లు బాగుచేసినవాడు. పడవ మోటారును చూడటం ఇదే మొదలు, కానీ ఆ మాట ఒప్పుకునే రకం కాదు. పొద్దున్నే తాడు లాగి చూసి తేల్చేశాడు: "నిప్పు మంచిగనే వస్తుంది సేటూ. కాకపోతే వేళకొస్తలేదు. ఇంజినన్నంక ఏదైనా ఇంజినే, నాకిడిసిపెట్టు." వేళకు రాని నిప్పు మోటారు లోపల మండక, బయటికొచ్చి పేలుతోంది.

"బావ మనసుల ఏదో ఉన్నదిరా అల్లుడా," అన్నాడు రామలింగం. "అక్కను ఎవ్వలు సూస్తరని రంది కావచ్చు."

"అవ్వ నా తాన్నే ఉంటది బాపూ," అన్నాడు కైలాసం పిండం వైపు చూస్తూ. ఆమె ఉండేది ఎట్లాగూ అతని ఇంట్లోనే. ఇంతవరకు నష్టం లేదు.

కాకులు తిరిగి వచ్చాయి. ఒకటి దిగింది. మళ్లీ మోత. అన్న కొట్టులో పొట్లాలు కట్టే విశ్వనాథం గొంతు సవరించుకున్నాడు. తనను గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టాలని బాపు ఎప్పుడూ అనేవాడని గుర్తు చేశాడు. ఆ మాట కైలాసం ఎన్నడూ వినలేదు. కానీ తండ్రి తనతో మాట్లాడితే కదా వినడానికి. గల్లా తమ్ముడికి పోయింది.

ఇక లాభం లేదని కైలాసం భుజం మీది తడి తువ్వాల తీసి, ఆపమన్నట్టు ఎగువవైపు ఊపాడు. దూరంలో ముత్తయ్య తలెత్తి చూశాడు. త్వరగా కానివ్వమంటున్నాడని అర్థం చేసుకుని, కాలు పడవ అంచుకు తన్నిపెట్టి తాడును మరింత బలంగా లాగాడు. ఈసారి రెండు మోతలు వచ్చాయి.

"కాకిని పిలిచేటోడు తువ్వాలతోని కొడ్తడార?" అని మామ కసిరాడు. కైలాసం తువ్వాల దించేశాడు. అప్పుడు జానకికి ఇంట్లో ఈనిన బర్రె గుర్తొచ్చింది. దాన్ని తనకే తోలిస్తానని బాపు దసరాకు మాట ఇచ్చాడట. బర్రె బయ్యారం పోయింది. ఇంకో మోత తర్వాత, ఈశ్వరయ్య గోదానం గురించి అప్పుడప్పుడూ అడిగేవాడని పిండం పెట్టించిన పంతులు కూడా నెమ్మదిగా చెప్పాడు. ఆవు కూడా పోయింది.

బేరంలో ఇంతకన్నా దిగలేననే చోటు ఒకటి ఉంటుంది. కైలాసం దాన్ని ఎప్పుడో దాటాడు. కానీ అతన్ని కుంగదీసింది గల్లా కాదు, బర్రె కాదు. అడిగినవన్నీ ఇస్తున్నా, తండ్రి తన పిండం నుంచే ముఖం తిప్పుకుంటున్నాడు. ఆ గ్లాసు ఇంకా తన చేతిలోనే ఉన్నట్టు అనిపించింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"బాపూ, గా సప్పుడు తూటాది కాదు. మోటారుది. నువ్వొద్దంటే దొంగతనంగ కొన్న. గిప్పుడే గంగల తోసేస్త. ఒక్కసారి ముట్టు."

ఎగువన మోత ఆగింది. కానీ కాకి రాలేదు. మద్దిచెట్టు ఖాళీగానే ఉంది. తోసేస్తానన్నా రాలేదంటే, తండ్రికి కావలసింది అది కూడా కాదు. కైలాసం నుదురు ఇసుకకు ఆనించి అట్లాగే ఉండిపోయాడు.

అటు పడవలో ముత్తయ్య ఓడిపోయి, ఇక విప్పడానికి మిగిలింది అదొక్కటేనని పైచక్రం విప్పాడు. చక్రాన్ని ఇరుసుకు కదలకుండా పట్టే చిన్న లోహపు ముక్క సగం తెగి ఉంది. చక్రం పక్కకు జరిగి, నిప్పు వేళ తప్పింది. పొద్దున్నుంచి చేసినదంతా వృథా. మేకును అరగదీసి ఆ సందులో దిగగొట్టి, చక్రం బిగించి తాడు లాగాడు. మోటారు దగ్గలేదు, పేలలేదు. కుట్టుమిషన్‌లా సాఫీగా నడిచింది. ఈ ఘనత సేటుకు చూపాలని పడవను ఒడ్డు వెంబడి కిందికి తెచ్చాడు. పడవ అడుగున జాలరి వదిలేసిన చేప తునకలు కొన్ని ఉన్నాయి. వాటి కోసం చెదిరిపోయిన కాకులన్నీ గుంపుగా వెంట వచ్చాయి. పడవ పిండం ఎదురుగా వచ్చేసరికి ఒక కాకి చేప కన్నా అన్నమే మేలనుకుంది. నేరుగా వాలి ముక్కు పెట్టింది. తర్వాత మిగతావీ దిగాయి. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంది.

పది రోజుల్లో మొదటిసారి రుక్మిణి నోరు విప్పింది.

"మీ బాపు మోటారెక్కి వచ్చిండు, కొడుకా."

కైలాసం తల ఎత్తి చూశాడు. కాకి ముక్కున ఉన్న మెతుకును చూస్తూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మామ వచ్చి భుజం తట్టాడు. ముత్తయ్య ఇదంతా తన పనితనానికి వచ్చిన కన్నీళ్లనుకుని సిగ్గుపడ్డాడు.

కాస్త తేరుకున్నాక, ఇందాక అన్నమాట ప్రకారం మోటారును తోసేయాలా అని కైలాసం అడిగాడు. రామలింగం అడ్డుపడ్డాడు.

"తోసుడేందిరా. మనసుపడి ఎక్కొచ్చిన మోటారు. గది ఇగ నీ ఒక్కనిది కాదు, మీ బాపుది. అంటె ఇంటిల్లిపాదిది."

విశ్వనాథం అప్పుడే పడవ దగ్గరికి పోయి, తాడు ఎట్లా లాగాలో ముత్తయ్యను అడుగుతున్నాడు. బయ్యారంలో గోదావరి లేదు కాబట్టి తన పాలు ఎట్లా తీసుకోవాలో జానకి ఆలోచనలో పడింది. ఇచ్చిన మాటలేవీ వెనక్కి రావని పంతులు స్పష్టం చేశాడు.

బతికినన్నాళ్లు కొడుకు వ్యాపారానికి ఒప్పుకోని ఈశ్వరయ్య, పోయాక ఒప్పుకున్నాడు. కాకపోతే ఉమ్మడి పద్దు కింద.