కాజాలు మిగిలాయి

ఉదయం ఎనిమిది గంటలకు దర్జీ తన షాపు తలుపులు తీశాడు. పదకొండింటికి హెడ్‌మిస్ట్రెస్ వస్తుంది. ఈలోగా చేయాల్సిన పని ఒక్కటే. షాపు బాగా నడుస్తున్న షాపులా కనిపించాలి.

పక్క వీధి బడికి ఈ ఏడాది మూడు వందల నలభై జతల యూనిఫాంలు కావాలి. ముగ్గురు దర్జీలను చూసి ఒకరికి ఇస్తానని ఆవిడ కబురు పెట్టింది. ఇద్దరిని నిన్ననే చూసేసింది. ఈ ఆర్డరు రాకపోతే మూడోవాడైన మన దర్జీకి మిగిలేది ఎదుటి రెడీమేడ్ షాపు. ప్యాంట్ల పొడవు తగ్గించడానికి మనిషి కావాలని అక్కడివాళ్లు ఇప్పటికే రెండుసార్లు పిలిచారు. ఇరవై రెండేళ్లు సొంత కత్తెర పట్టినవాడు ఇంకొకరి మెట్ల కింద స్టూలేసుకుని కూర్చోవాలి. ఆ సంగతి తలుచుకుంటే అతనికి ముద్ద దిగడం లేదు.

పనితనానికి లోటు లేదు. అతను కుట్టిన చొక్కా భుజాల మీద అతికినట్టు కూర్చుంటుంది. కాకపోతే అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది. ఎవరొచ్చి అడిగినా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "కాజాలు మిగిలాయండి" అంటాడు. గుండీలు దూరే ఆ నాలుగు రంధ్రాలు తప్ప అంతా అయిపోయింది కాబోలనుకుని వచ్చినవాళ్లు తృప్తిగా వెళ్లిపోతారు. ఆ షాపులో కాజాలు కుట్టేది దర్జీ భార్య. ఆవిడ చేతికి కాజా పని వచ్చి నెలన్నర అయింది.

సరిగ్గా ఆ పూటే అల్లుడు వచ్చాడు. ప్రకటనల కంపెనీలో మాటలు రాయడం అతని ఉద్యోగం. ఒకసారి సిమెంటు బస్తా గురించి రాసి జనం చేత కన్నీళ్లు పెట్టించాడు. మామగారి కష్టం వినగానే సగం తాగిన కాఫీ కింద పెట్టేశాడు.

"జనం ఉన్న షాపుకే జనం వస్తారు మామయ్యా. ఆవిడ వచ్చేసరికి ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండకూడదు. నాకొదిలేయండి."

అట్టముక్క తీసుకుని ఎర్ర రంగుతో పెద్దక్షరాల్లో రాశాడు. 'ఈరోజే ఆఖరు! త్వరపడండి!'

దర్జీ రెండుసార్లు చదివాడు. "దేనికి ఆఖరు, అల్లుడుగారూ?"

"అదే చెప్పకూడదు. చెప్తే ఆలోచిస్తారు. ఆలోచించేవాడు కొనడు."

"మీరు రాసేవన్నీ ఇంతేనా బాబూ?" అని దర్జీ భార్య సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది.

"దాదాపుగా అత్తయ్యా."

ఎనిమిదిన్నరకు బోర్డు గుమ్మానికి వేలాడింది. మరో రెండు నిమిషాలకు రిటైరైన పోస్ట్‌మాస్టర్ కూరల సంచితో అటుగా వెళ్తూ ఆగాడు. ఆయన ప్యాంటు గుడ్డ ఇచ్చి నెలా ఇరవై రోజులైంది. బోర్డు చదివాడు, వెంటనే వెనక్కి తిరిగాడు. మళ్లీ వచ్చినప్పుడు చేతిలో కూరల సంచి లేదు. గుడ్డ పీలిక గుచ్చిన చీటీ ఉంది. వెనకాల అలాంటి చీటీలతోనే మరో పదిమంది ఉన్నారు.

అల్లుడి ముఖం వెలిగిపోయింది. పోస్ట్‌మాస్టర్ చీటీని బల్ల మీద పెట్టాడు.

"షాపు ఎత్తేస్తున్నారట. నా గుడ్డ నాకిచ్చేయండి."

ఎత్తేయడం లేదని దర్జీ చెప్పాడు. మరి ఆఖరన్నారుగా అని ఆయన అడిగాడు. దేనికి ఆఖరో దర్జీకి కూడా తెలియదు కాబట్టి ఆ సంభాషణ అక్కడే ఆగింది. గుడ్డ అలమరలోంచి కిందికి దిగింది. దాని మీద కొన్న దుకాణం కాగితం అంటుకునే ఉంది. కత్తెర సంగతి దేవుడెరుగు, సుద్దగీత కూడా పడలేదు.

"కాజాలు మిగిలాయన్నారు."

"మిగిలాయండి," అన్నాడు దర్జీ నీరసంగా. "మిగతావి అయిపోయాయని నేనెప్పుడూ అనలేదు."

అల్లుడు మామగారిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మామయ్యా, ఇలాంటి వాక్యం కోసం మా ఆఫీసులో ఆరుగురం వారం రోజులు తలుపులేసుకుని కూర్చుంటాం."

మెచ్చుకోవడానికి అది సమయం కాదు. బయట జనం నలభైకి చేరారు. అల్లుడు పరుగున రెండో బోర్డు రాశాడు. 'మేం ఎక్కడికీ పోవడం లేదు. మమ్మల్ని నమ్మండి.'

పోస్ట్‌మాస్టర్ దాన్ని అందరికీ వినిపించేలా పైకి చదివాడు. నమ్మండని బోర్డు పెట్టాల్సిన అవసరం ఎప్పుడొస్తుందో ముప్పై అయిదేళ్లు పోస్టాఫీసులో పనిచేసిన తనకు తెలుసన్నాడు. ఆ మాట వీధి చివరికి చేరేసరికి దర్జీ సామాను లారీకెక్కింది. ఆ పై వీధిలో లారీ బయలుదేరింది కూడా. చీటీలు పారేసుకున్నవాళ్లు సైతం ఆ లారీని ఆపడానికి పరుగెత్తుకొచ్చారు.

తోపులాటలో బల్ల ఒక పక్కకు ఒరిగింది. అల్లుడు చెమట తుడుచుకుంటూ మూడో అట్ట అందుకున్నాడు. ఎదురుగా ప్రశ్న వేస్తే మనిషి ఒక్క క్షణం ఆగుతాడని, ఆ క్షణంలోనే మనసు మారుతుందని అతని నమ్మకం. 'వందలమంది మెచ్చిన షాపు. మీ వంతు ఎప్పుడు?'

మనిషి నిజంగానే ఆగాడు. ఆగి, తన వంతు ఎప్పుడో తెలుసుకోవడానికి లైన్లో నిలబడ్డాడు. పోస్ట్‌మాస్టర్ అలవాటైన పని కాబట్టి నంబర్లు పంచాడు. తోపులాట లేకపోవడంతో పంపకం జోరందుకుంది. దర్జీ చీటీలు చదువుతున్నాడు, భార్య గుడ్డలు దించుతోంది, అల్లుడు పొట్లాలు కడుతున్నాడు. పదీ యాభైకి చివరి మనిషి వెళ్లిపోయాడు. అలమరల్లో దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

దర్జీ ఖాళీ అరలకేసి చూస్తూ, ఎదుటి షాపువాళ్లు స్టూలిస్తారో లేక ఇక్కడినుంచే తెచ్చుకోమంటారో అన్నాడు. షాపులో మిగిలిన బయటి మనిషి పోస్ట్‌మాస్టర్ ఒక్కడే. తన గుడ్డ పొడవు తగ్గిందేమోనని దర్జీ టేపుతోనే కొలుచుకుంటున్నాడు.

పదకొండింటికి హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో అడుగుపెట్టింది. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. అత్తగారు కత్తెర చూపించింది. అతను నోరు మూసుకున్నాడు.

ఆవిడ అరలన్నీ ఒకటొకటిగా చూసింది. "మీ చేతిలో ఇంకా ఇవ్వాల్సిన బట్టలెన్ని?"

"ఒక్కటీ లేదు మేడమ్."

"అందరివీ ఇచ్చేశారా?"

"ఇచ్చేశామండి. ఇప్పుడే."

ఆవిడ నమ్మలేనట్టు కళ్లజోడు సవరించుకుంది. నిన్న చూసిన ఇద్దరి దగ్గరా గుడ్డలు పైకప్పు దాకా ఉన్నాయని, వాటి తర్వాత తమ వంతు వచ్చేసరికి పిల్లలు కాలేజీలో చేరిపోతారని చెప్పింది. దారి పొడవునా పొట్లాలు పట్టుకుని ఎదురొచ్చినవాళ్లను తను చూసిందట. తర్వాత పోస్ట్‌మాస్టర్ వైపు తిరిగింది.

"మీరు చెప్పండి. ఈయన బట్టలు సరిగ్గా ఇస్తాడా?"

దర్జీ కళ్లు మూసుకున్నాడు. పోస్ట్‌మాస్టర్ ముప్పై అయిదేళ్లలో అబద్ధమాడని మనిషి. గుడ్డను చంకలో పెట్టుకుని నిజమే చెప్పాడు.

"అడగ్గానే ఇచ్చాడండి. మడత కూడా నలగలేదు."

అయిదు నిమిషాల్లో ఆర్డరు ఖాయమైంది. మధ్యాహ్నానికి బడి నుంచి గుడ్డల మూటలు దిగాయి. వచ్చే నెల పదిహేనుకల్లా అన్నీ అందాలని ఆవిడ మరీ మరీ చెప్పి పంపింది. సాయంత్రానికి ఈ సంగతి కూడా వీధిన పడింది. బడి ఆర్డరు మొత్తం ఇతనికే ఇచ్చారంటే ఊరికే ఇస్తారా అనుకుంటూ పొద్దున పట్టుకెళ్లినవాళ్లంతా పొట్లాలు వెనక్కి తెచ్చారు. లైన్లో మొదటివాడు పోస్ట్‌మాస్టరే. ఈసారి నంబర్లు కూడా ఆయన ఇంటి దగ్గరే రాసుకొచ్చాడు.

అల్లుడు మూడు బోర్డులూ సంచిలో కుక్కుకున్నాడు. బయలుదేరే ముందు చిన్న పుస్తకం తీసి, "ఆ కాజాల వాక్యం ఇంకొక్కసారి చెప్పండి మామయ్యా" అని అడిగి రాసుకున్నాడు.

మూడు వారాల తర్వాత హెడ్‌మిస్ట్రెస్ ఫోను చేసి యూనిఫాంలు ఎంతవరకు వచ్చాయని అడిగింది. దర్జీ కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

"కాజాలు మిగిలాయి మేడమ్."

ఆవిడ సంతోషంగా ఫోను పెట్టేసింది. మూటలకు కట్టిన తాళ్లు ఇంకా విప్పలేదు.