నాన్న మందు

ఆ ఆదివారం పొద్దున పెద్దోడి పథకం చాలా చిన్నది. భార్య బజారు నుంచి తిరిగొచ్చేలోపు వంటగదిలో దూరాలి, పాకం పట్టాలి, గిన్నె తోమి ఎక్కడిది అక్కడ పెట్టేయాలి. నలభై దాటి, రంగుల కంపెనీ ల్యాబులో సార్ అనిపించుకుంటున్నా, ఇంట్లో అతను ఇంకా పెద్దోడే. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అతనిది, అదీ కెమిస్ట్రీలో. ఏ పనైనా పద్ధతిగా చేస్తే పద్ధతిగానే వస్తుందని అతని గట్టి నమ్మకం. వంటగది విషయంలో మాత్రం ఆ నమ్మకాన్ని భార్య ఏనాడూ పంచుకోలేదు. అందుకే ఈ దొంగచాటు.

పట్టబోయే పాకం హుక్కా పొగాకు కోసం. అలాగని ఇంట్లో హుక్కా తాగేవాళ్ళెవరూ లేరు. తాగిన ఒక్క నాన్నా పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడా పొగాకు కావలసింది అమ్మకి. తాగడానికి కాదు, వాసన చూడడానికి.

వానాకాలంలో వచ్చిన జ్వరం అమ్మను వదిలిపెడుతూ ఆమె ముక్కును పట్టుకుపోయింది. వాసన తెలియదు, దాంతోపాటే రుచీ తెలియదు. "ఏం పెట్టినా అట్టముక్క నమిలినట్టుందిరా" అని కంచం పక్కకు జరిపేసేది. చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అన్నిటికంటే భయపెట్టింది ఇంకొకటి. కోడలి వంటకు వంక పెట్టకుండా ఏనాడూ చెయ్యి కడగని మనిషి, ఇప్పుడు ఏది పెట్టినా "బాగుందమ్మా" అంటోంది. ఆ మాట వినపడినప్పుడల్లా కోడలు వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

"బాగా తెలిసిన పాత వాసనలు రోజూ చూపిస్తూ ఉండండి. ఏదో ఒకటి పట్టుకోవచ్చు" అన్నాడు డాక్టరు. కాఫీ పొడి చూపించారు, లవంగాలు చూపించారు, తలనూనె చూపించారు. అమ్మ బుద్ధిగా ప్రతిదీ ముక్కు దగ్గర పెట్టుకుని, "సీసా చల్లగా ఉందిరా" అనేది.

అప్పుడు గుర్తొచ్చింది నాన్న హుక్కా.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ముందుగదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, కంట్లో భూతద్దం, ముందు విప్పదీసిన చక్రాలు. సెలవు రోజున మాత్రం వంటగది తలుపేసుకుని, పొగాకు తుంచి, బెల్లం పాకంలో యాపిల్ ముక్కలూ లవంగాలూ వేసి కలిపేవాడు. పొగాకు అన్న మాట వింటే అమ్మ ఇంతెత్తున లేస్తుందని దానికి మందు అని పేరు పెట్టాడు. "మందు వేసుకోకపోతే నాకు నిద్ర పట్టదే" అనేవాడు. అలా ఆ ఇంట్లో అందరికీ అది మందే అయింది. చిన్నప్పుడు ఆడుకుని ఇంటికొస్తూ సందు మలుపు తిరుగుతూండగానే ఆ వాసన ఎదురొచ్చేది. తియ్యగా, ఘాటుగా, అడుగున ఎక్కడో కాస్త చేదుగా. ఆ వాసన తగిలిందంటే నాన్న ఇంట్లోనే ఉన్నట్టు.

అమ్మ వంటగది పక్కగదిలో కునుకు తీస్తోంది. పెద్దోడు ల్యాబు నుంచి తెచ్చిన కొత్త థర్మామీటరు గిన్నెలో ముంచి, బెల్లం కరగబెట్టి, రెండు చేతులతో పొగాకు తుంచుతున్నాడు. పాళ్ళు మాత్రం తెలియవు. ఫోను కిటికీలో పెట్టి చెల్లెలికి కలిపాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి స్పీకరు పెట్టాడు.

"ఏమే, నాన్న మందులో బెల్లం ఎంత వేసేవాడు?"

"నన్నడిగితే ఎలా అన్నయ్యా? మందు కలిపేటప్పుడు పిల్లలెవరూ దగ్గరికి రాకూడదని తలుపేసుకునేవాడుగా!"

"పాళ్ళు తప్పితే మొత్తం పోతుందేమోనని భయంగా ఉందే."

"పాళ్ళ సంగతి తర్వాత. ముందు అంటుకోకుండా చూసుకో. అంటుకుందంటే ఇల్లంతా పొగే!"

గిన్నె అడుగు అంటుకోవడం గురించి ఆమె చెప్పింది. సరిగ్గా ఆ కిటికీ కింద మెట్ల మీద మొక్కలకు నీళ్ళు పోస్తున్న కింది వాటా రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుకు మాత్రం మందు, పాళ్ళు, అంటుకోవడం, ఇల్లంతా పొగ వరసగా వినపడ్డాయి. పైవాటా మనిషి రసాయనాల కంపెనీలో పనిచేస్తాడని ఆయనకు తెలుసు. తుపాకుల్లో దట్టించే మందు తప్ప ఇంకో మందు ఆయనకు తట్టలేదు. ఇసుక కోసం వీధిలోకి పరిగెత్తాడు.

"పైన మందు తయారుచేస్తున్నాడమ్మా, మందు!" అని ఎదురింటి టీచరమ్మకు ఆయాసపడుతూ చెప్పి, ఆగకుండా వెళ్ళిపోయాడు.

టీచరమ్మకు కొన్నేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. పెద్దావిడ జబ్బు సంగతి ఆవిడకు తెలుసు. చదువుకున్న కొడుకు తల్లికి మందు తయారుచేస్తే వింతేముంది? ఖాళీ దగ్గుమందు సీసా కడిగి పట్టుకుని బయలుదేరింది.

గేటు దగ్గర స్కూటరు ఆపుతున్న పెద్దోడి బావమరిది ఎదురయ్యాడు. "ఏంటి టీచరమ్మా, సీసాతో వెళ్తున్నారు?"

"మీ బావగారు ఇంట్లోనే మందు తయారుచేస్తున్నారట బాబూ. అయిపోకముందే కాస్త పట్టుకుందామని."

బావమరిది స్కూటరు తాళం తీయడం మరిచిపోయాడు. సోడా తాగడానికే ఆలోచించే బావ! అందులోనూ వాటాకి టీచరమ్మ! ఇన్నాళ్ళూ ఈ ఇంటిని తను సరిగా అర్థం చేసుకోలేదని తేల్చుకుని, మూలనున్న కొట్లో వేయించిన వేరుశెనగలూ సోడాలూ కొన్నాడు.

పెద్దోడు తలుపు తీసేసరికి ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు. ఇసుక బకెట్టు, ఖాళీ సీసా, వేరుశెనగల పొట్లం.

"బాబూ, ముందు పెద్దావిడని కిందికి దించేద్దాం!" అన్నాడు పోస్ట్‌మాస్టరు.

"దించడమెందుకండీ, మంచం మీదే వేసుకుంటారుగా" అంది టీచరమ్మ. "పరగడుపున వేసుకోవాలా నాయనా, తిన్నాకా?"

"పరగడుపున వద్దండీ, కడుపులో మంట" అన్నాడు బావమరిది. "ఇవిగో, నంజుకోండి."

"మంటట! విన్నావా బాబూ, మంటట!" పోస్ట్‌మాస్టరు బకెట్టు భుజం దాకా ఎత్తాడు.

"ఆగండి మహాప్రభో!" పెద్దోడు దండం పెట్టాడు. "అది మందు కాదు. అంటే, మందే. మా ఇంట్లో పొగాకుని మందంటాం!"

"ఎందుకంటారు?" అని ముగ్గురూ ఒకేసారి అడిగారు.

పెద్దోడు ఏదీ సగం చెప్పి వదిలే రకం కాదు. నాన్న నుంచి మొదలుపెట్టాడు. గడియారాల దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి ఒక కేక వినపడింది.

"ఎవర్రా అది, పాకం మాడ్చింది?"

గుమ్మంలో ఉన్న నాలుగు ముక్కులూ నిక్షేపంలా పనిచేసేవే, ఒక్కదానికీ ఇంకా ఏమీ అందలేదు. పెద్దోడు అక్కడే నిలబడిపోయాడు. పరిగెత్తింది పోస్ట్‌మాస్టరు. తెచ్చిన ఇసుకంతా గిన్నెలో, పొయ్యి మీద, థర్మామీటరు మీద గుమ్మరించి, చేతులు దులుపుకున్నాడు.

పొగలో గోడ పట్టుకుని అమ్మ వచ్చింది. "మళ్ళీ ఆ గడియారాల ముందు కూర్చున్నారా?" అంటూ వచ్చి, కొడుకును చూసి ఆగింది. "నువ్వట్రా" అంది మెల్లగా.

"నాన్న చేసినట్టే చేద్దామనుకున్నానమ్మా. పాడుచేశాను."

"ఏం పాడుచేశావురా? ఆయనా అంతే!" అమ్మ పీట మీద కూలబడి, ఆ పొగను గుండెల నిండా పీల్చింది. "పాకం పొయ్యి మీద పెట్టడం, ఒక్క చక్రం బిగించి వస్తానని వెళ్ళడం. ఒక్కసారైనా మాడకుండా తీశాడా? కంట్లో భూతద్దమైనా తీయకుండా పరిగెత్తుకొచ్చేవాడు. ఆయనకి మాడిన పాకం ఏనుగంత కనపడేదేమో!"

"మరి ముదురు పాకమే మన మందు రహస్యం అనేవాడు కదమ్మా?"

"మీ ముందు ఆయన పరువు తీయడమెందుకని ఊరుకున్నానురా." కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే నవ్వింది. ఆ నవ్వు విని ఎంతకాలమైందో పెద్దోడికి గుర్తురాలేదు. సందు మలుపులో ఎదురొచ్చిన ఆ చేదు ఎక్కడిదో అతనికి ఇప్పుడు తెలిసింది.

భార్య బజారు నుంచి వచ్చేసరికి వంటగది నిండా ఇసుక, పీట మీద అత్తగారు, చుట్టూ నిలబడి వేరుశెనగలు తింటున్న ముగ్గురు. ఆమె కొంగు దోపుకుని ఇసుక ఎత్తి, వంట చేసి, అత్తగారికి వడ్డించింది. అమ్మ ఒక ముద్ద తిని ఆగింది.

"ఉప్పు తక్కువైంది" అంది అమ్మ.

అమ్మ ఇంకో ముద్ద తింది. "ఉల్లిపాయ వేగలేదు. నూనె పచ్చివాసన కొడుతోంది. నీకు ఎన్నిసార్లు చెప్పాను, మంట తగ్గించమని?" ఇంకో ముద్ద. "కాస్త అన్నం పెట్టు. అన్నం కూడా మెత్తబడిందనుకో, అయినా పెట్టు."

కోడలు కళ్ళు తుడుచుకుని వడ్డించింది. కంచం ఖాళీ అయ్యేదాకా వంకలు సాగుతూనే ఉన్నాయి. చివరికి భార్య పెద్దోడి పక్కకు వచ్చి గొంతు తగ్గించి అంది.

"మందు బాగానే పనిచేసిందండీ. మోతాదే కాస్త ఎక్కువైనట్టుంది."