ఒరిజినల్ గడప

వృద్ధుల కోసం కట్టిన ఇంటిని వృద్ధుల బారి నుంచి కాపాడటమే నాగరికతకు పరాకాష్ఠ. ఈ విషయంలో సిడ్నీ పశ్చిమాన ఉన్న మా ధర్మనివాసాల వరస ప్రపంచానికే ఆదర్శం. పూర్వం ఎవరో దాత దిక్కులేని ముసలివాళ్ల కోసం వీటిని కట్టించాడు. తలవంచి లోపలికి రావాలని ద్వారాలు పొట్టిగా, వీధి చూస్తూ కూర్చోకూడదని కిటికీలు ఎత్తుగా పెట్టించాడు. గడప ఎత్తు మాత్రం జానెడు పైనే ఉంటుంది (ముసలితనం గురించి ఆయనకు తెలియక కాదు, తెలిసే).

మూడో ఇంట్లో ఫిజీ నుంచి వచ్చిన మునమ్మ ఉంటుంది. ఆమె కుడి మోకాలు అరిగిపోయింది. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి కొత్తది వేస్తామన్నారు. చిక్కల్లా గడపతోనే, వాకర్ దాటదు. దాన్ని కాస్త చెక్కించమని ఆమె కట్టడాల పరిరక్షణ కమిటీని అడిగింది.

కమిటీ తరఫున ఉపేంద్ర వచ్చాడు. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడే స్థిరపడ్డ ఆర్కిటెక్ట్. గడప ముందు బోర్లా పడుకుని భూతద్దం పెట్టి చూశాడు. లేచేసరికి ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఆంటీ, ఇది ఒరిజినల్ యెల్లో ఫినిష్. ఆస్ట్రేలియాలో ఇంకెక్కడా లేదు. ఈ రెడ్ డాట్స్ మేస్త్రీ గుర్తులు అయ్యుంటాయి. ప్లీజ్, డోంట్ టచ్."

"అది పసుపు బాబూ. మొన్న శుక్రవారం నేనే రాశాను. బొట్లు కూడా నేనే పెట్టా. మీ ఇంట్లో పెట్టరా?"

"మా ఇంట్లో స్లైడింగ్ డోర్ ఆంటీ."

ఈ వాంగ్మూలంతో కమిటీ ఇరకాటంలో పడింది. రంగు పాతది కాదంటే రిపోర్టు తప్పవుతుంది. రిపోర్టు తప్పయ్యే అవకాశం నిబంధనల్లో లేదు. కాబట్టి రంగు పాతదే. దాన్ని రాసింది మునమ్మ కాబట్టి మునమ్మ కూడా భవనంతోపాటు కట్టినదే. ఆమెను కట్టడంలో అంతర్భాగంగా ప్రకటించి, ద్వారం పక్కన ఇత్తడి పలక కొట్టారు. (ఆమె ఫిజీలోని లబాసాలో పుట్టిందన్న అభ్యంతరాన్ని 'దిగుమతి సామగ్రి' అనే శీర్షిక కింద సర్దుబాటు చేశారు.) మనిషన్నాక కాస్త సిగ్గుండాలి అనిపించింది నాకు. కానీ కమిటీ మనిషి కాదు కదా.

మునమ్మ ఓపిగ్గా మళ్లీ అడిగింది.

"గడప మీరే ఉంచుకోండి బాబూ. నన్ను నలుగురూ ఎత్తి అవతల పెట్టండి చాలు. రాత్రుళ్లు నొప్పికి నిద్ర పట్టట్లేదు. మోకాలు మార్పించుకుని వచ్చేస్తా."

కమిటీ సానుభూతితో చర్చించి, ఆమె నొప్పిని మరమ్మతుల కింద నమోదు చేసింది. ఉపేంద్రే స్వయంగా వచ్చి, గడప అవతల నిలబడి, తీర్మానం చదివి వినిపించాడు: మోకాలు ఒరిజినల్ కనుక మార్చడానికి వీల్లేదు, మరీ నొప్పిగా ఉంటే పసుపు రాసుకోవచ్చు.