ఎటు నొప్పో అటు చెయ్యి

ఆ రోజు ఉదయం అనర్గళం వేసుకున్న పథకం చాలా తేలికైనది. తొమ్మిదింటికి బామ్మర్ది క్లినిక్‌లో పిప్పిపన్ను ఒకటి పూడ్పించుకోవాలి, అక్కణ్ణుంచి తిన్నగా రేడియో స్టేషన్‌కు వెళ్ళాలి, పదకొండింటికి మైకు ముందు కూర్చుని ఉద్యోగం కాపాడుకోవాలి.

అనర్గళం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, స్టేషన్‌లో తోటివాళ్ళు పెట్టింది. ఆయన దాన్ని పొగడ్త అనుకుని ఏళ్ళ తరబడి మురిసిపోయాడు. ముందురోజు డైరెక్టరు మేడం గదిలోకి పిలిచేదాకా ఆ మురిపెం అలాగే ఉంది.

"మీ ప్రోగ్రాంలో అతిథిని పరిచయం చేసేదీ మీరే, ప్రశ్న అడిగేదీ మీరే, జవాబు చెప్పేదీ మీరే. వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోతున్నారు," అంది మేడం. "రేపొచ్చేది ఎర్ర గొడుగుల గాయకుడు. ఆయన మాట్లాడాలి, జనం వినాలి. అది జరగలేదా, వచ్చేవారం నుంచి ఆ గంట వాతావరణ వార్తలకి ఇచ్చేస్తాను. మీరు వేరే పని చూసుకోండి."

ఎర్ర గొడుగులు అంటే అనర్గళం కాలేజీ రోజుల నుంచి ప్రాణం పెట్టుకున్న రాక్ బ్యాండు. దాని గాయకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకోవడం జీవితాశయం. చిక్కల్లా ఏమిటంటే, ఆ పెద్దమనిషి ఎవరేం అడిగినా "అవును", "లేదు", "ఏమో" అన్న మూడు మాటలతో సరిపెడతాడని ప్రసిద్ధి. అటువంటివాడి చేత మాట్లాడించాలంటే తను ఇంకా బాగా మాట్లాడాలని అనర్గళం నిశ్చయించుకున్నాడు. రాత్రంతా అద్దం ముందు సాధన చేశాడు. మధ్యలో పన్ను జివ్వుమంది.

"మైకు ముందు అలా జివ్వుమంటే ఏం చేస్తారండీ? పొద్దున్నే తమ్ముడి దగ్గరికెళ్ళి చూపించుకోండి," అంది భార్య. "ఒక్క మాట. అక్కడ ఆ గొడుగుల ఊసు మాత్రం ఎత్తకండి."

ఆవిడ భయం ఆవిడది. తమ్ముడికీ ఆ బ్యాండంటే పిచ్చే. అయితే బావకు 'మూసిన వంతెన' గొప్ప పాట, బామ్మర్దికి 'పిడికెడు నిప్పు' గొప్ప పాట. మొదటిది నెమ్మదిగా నడుస్తుంది. మధ్యలో వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. చాలాసేపు ఏమీ వినబడదు. తర్వాత గాయకుడి గొంతు ఒంటరిగా లేస్తుంది. రెండోది మొదలు నుంచి చివరిదాకా డ్రమ్ములు దంచడమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ గొడవ నడుస్తోంది. గొడవ అంటే బావ మాట్లాడటం. బామ్మర్ది "నేననేది ఏమిటంటే" అని మొదలుపెట్టిన వాక్యం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చివరికంటా వెళ్ళలేదు.

క్లినిక్ గోడ మీద పెద్దక్షరాలతో ఒక బోర్డు ఉంది. ఎటువైపు నొప్పి ఉంటే అటు చెయ్యి ఎత్తండి. నోరు తెరుచుకున్నవాళ్ళు మాట్లాడలేరు కనక డాక్టరు పెట్టిన పద్ధతి అది. దాన్ని అమలు చేసేది సిస్టరు. కుర్చీ పక్కన నిలబడి రోగి చేతుల మీంచి కన్ను తీయదు. ఆవిడ పేరు చెబితే డాక్టరుకే హడల్.

ఎడమ దవడకు ఒక ఇంజెక్షన్ పడింది. దూది ఉండలు దూరాయి. ఉమ్మి పీల్చే గొట్టం పెదవికి తగులుకుంది. అప్పటికి గాని బామ్మర్దికి తనెంత అదృష్టవంతుడో తట్టలేదు. బావ ఎదురుగా ఉన్నాడు, నోరు తెరుచుకుని ఉన్నాడు, మాట్లాడలేడు.

"బావా, ఇవాళ ఆయన్ని కలుస్తున్నావు కదా. ఒకటి అడుగు. 'మూసిన వంతెన'లో ఆ ఖాళీ ఎందుకో అడుగు. నాకైతే ఏం వాయించాలో మర్చిపోయినట్టుంటుంది."

అనర్గళం కళ్ళు పెద్దవయ్యాయి. ఆ నిశ్శబ్దమే ఆ బ్యాండు ఆత్మ అని ఆయన ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పుట్టినరోజుల్లో ఉపన్యాసాలిచ్చాడో లెక్కలేదు. గొంతులోంచి గరగరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"నువ్వు కోప్పడకు. నేననేది ఏమిటంటే..."

అనర్గళం ఎడమ చెయ్యి ఆగమన్నట్టు పైకి లేచింది.

"డాక్టరుగారూ, ఎడమ చెయ్యి," అంది సిస్టరు.

"అరె, ఇంకా నొప్పుందా?" అని బామ్మర్ది ఎడమవైపు ఇంకో ఇంజెక్షన్ చేశాడు. వాక్యం ఎక్కడ ఆగిందో మర్చిపోయి కొత్తది అందుకున్నాడు. "అదే 'పిడికెడు నిప్పు' పెట్టుకుంటే చేతికి ఎంత ఊపొస్తుందో తెలుసా. నా డ్రిల్లు కూడా దాని తాళానికే తిరుగుతుంది. ఆ తర్వాత మీవాడు పాడటం మానేసి గొణగడం మొదలెట్టాడు. నేననేది ఏమిటంటే..."

గొణగడం అన్న మాట అనర్గళం భరించలేకపోయాడు. ఎడమ చెయ్యెత్తితే ఏమవుతుందో తెలిసింది కనక ఈసారి తెలివిగా కుడి చెయ్యెత్తాడు.

"కుడి చెయ్యి," అంది సిస్టరు.

బామ్మర్ది కుడివైపు అద్దం పెట్టి చూశాడు. "నిజమే, ఇక్కడ కూడా ఒకటి నల్లబడింది. మంచి పని చేశావు బావా, రెండూ ఒకేసారి అయిపోతాయి." అటూ ఒక ఇంజెక్షన్ పడింది.

అనర్గళానికి నాలిక ఎక్కడుందో తెలియడం లేదు. పదకొండింటి ప్రోగ్రాం కళ్ళ ముందు ఆడింది. వదిలెయ్యమని బతిమాలుతూ, దండం పెట్టబోయినవాడిలా రెండు చేతులూ ఎత్తేశాడు.

"రెండూ," అంది సిస్టరు, కొంచెం జాలిగా.

పని పూర్తయి కుర్చీ నిలువుగా లేచేసరికి అనర్గళం ముఖంలో కళ్ళు, ముక్కు మాత్రమే ఆయనవి. కింది సగం ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. ఏదో అనబోయాడు. ఒక సొల్లు చుక్క జారి చొక్కా మీద పడింది. గోడ గడియారం వైపు వేలు చూపించాడు.

బామ్మర్ది గడియారం చూశాడు. "పదకొండింటికి... కదూ?" అన్నాడు. "ఇది దిగేసరికి మూడవుతుంది బావా. అక్క నన్ను చంపేస్తుంది."

బామ్మర్ది తెల్లకోటు మీదే బయల్దేరాడు. "నేనొస్తాను. నువ్వు సైగ చెయ్యి, నేనడుగుతాను. ఆయన గురించి నాకు తెలీనిదేముంది?"

"బయట పేషెంటు ఉన్నారు డాక్టరుగారూ," అంది సిస్టరు.

"నోరు తెరుచుకుని ఉండమను."

స్టేషన్ గేటు దగ్గర కాపలాదారు ఎప్పట్లాగే నమస్కారం పెట్టాడు. రోజూ అయిదు నిమిషాలు కబుర్లు చెప్పే మనిషి ఇవాళ వంకరమూతితో "వ్వ్వ" అనేసరికి బిక్కచచ్చిపోయాడు. "పొద్దున్నే ఏంటి సార్ ఇది," అని గొణిగి, ఫోన్ ఎత్తి పైకి చెప్పాడు. వాళ్ళు మెట్లెక్కేసరికి మేడం ఎదురుగా నిలబడి ఉంది. దగ్గరికొచ్చి వాసన చూసింది. క్లినిక్‌లో రాసిన లవంగ నూనె ఘుమఘుమలాడుతోంది.

"వాసన తెలియకుండా లవంగాలు కూడా నమిలారన్నమాట."

"ఆయన తాగలేదండీ. నేను పళ్ళ డాక్టర్ని. నేనే ఇంజెక్షన్లు చేశాను," అన్నాడు బామ్మర్ది.

"ఎన్ని చేశారు?"

"చెయ్యెత్తినప్పుడల్లా," అన్నాడతను తల దించుకుని.

మేడం గడియారం చూసుకుంది. గాయకుడు వచ్చి లోపల కూర్చుని ఉన్నాడు. ప్రోగ్రాం ఆపే వ్యవధి లేదు. "వెళ్ళండి. ఇదే ఆఖరిది," అని అద్దానికి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

స్టూడియోలో గుడ్డ తాపడం చేసిన గోడలు, గుండ్రటి బల్ల, మూడు మైకులు. గాయకుడు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. ఎర్రదీపం వెలిగింది. ప్రారంభ సంగీతం అయిపోయింది. అనర్గళం బామ్మర్దిని మోచేత్తో పొడిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ పొడిచాడు. ఇన్నేళ్ళూ గోడ మీద పోస్టరుగా చూసిన మనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేసరికి, ఏ ఇంజెక్షనూ లేకుండానే బామ్మర్ది నోరు బిగుసుకుపోయింది.

రేడియోలో నిశ్శబ్దం అంటే ఇల్లు తగలబడటంతో సమానం. అద్దానికి అవతల మేడం తల పట్టుకుంది. ఆవిడ వేలు వాతావరణ వార్తల మీట మీదికి వెళ్ళడం అనర్గళం స్పష్టంగా చూశాడు. తన ఉద్యోగం, తన గొంతు, తన జీవితాశయం అన్నీ ఆ వేలి కింద ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఏడిస్తే ముఖం ఎటు పోతుందోనని ఆపుకున్నాడు.

గాయకుడు కళ్ళజోడు పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీరేమీ అడగరా?"

అనర్గళం అడ్డంగా తల ఊపాడు.

"హమ్మయ్య," అన్నాడు గాయకుడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు. "నన్ను పిలిచినవాళ్ళందరూ ప్రశ్నలోనే జవాబు కూడా చెప్పేసేవాళ్ళండీ. ఇక నాకు అవునో కాదో అనడమే మిగిలేది. ఇంతసేపు నాకోసం ఆగినవాళ్ళు మీరే."

మేడం వేలు ఆగింది.

గాయకుడు మొదలుపెట్టాడు. తను తొలిసారి గిటారు నేర్చుకున్న ఇస్త్రీ దుకాణం గురించి, స్టేజీ అంటే ఇప్పటికీ పుట్టే వణుకు గురించి చెప్పుకుపోయాడు. చివరికి 'మూసిన వంతెన' దగ్గరికొచ్చాడు. "అందులో ఖాళీ గురించి జనం ఏవేవో అంటారు. అదేం కళ కాదు. రికార్డింగు మధ్యలో మా డ్రమ్మరు కర్రలు విసిరేసి వెళ్ళిపోయాడు."

తన ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క ముక్కతో గాలికి పోవడం చూసి అనర్గళం ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. బామ్మర్ది చెయ్యి అలవాటుకొద్దీ ఇంజెక్షన్ కోసం తెల్లకోటు జేబులోకి వెళ్ళింది.

"వస్తున్నా, చెబుతా," అన్నాడు గాయకుడు. "ఈ పాట గొప్పదా, 'పిడికెడు నిప్పు' గొప్పదా అని పొద్దున్నుంచీ వాడికీ నాకూ వాదులాట. వాడికి ఆ రెండోది ప్రాణం. నేను వాణ్ణి ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వలేదు. లేచి వెళ్ళిపోయాడు. తిరిగొస్తాడేమోనని అందరం చూశాం. రాలేదు. నేనొక్కణ్ణే పాడేశాను. ఆ ఖాళీ వాడి కోసం మేం ఎదురుచూసిందండీ. వాడేం చెప్పబోయాడో నాకిప్పటికీ తెలీదు."

ప్రోగ్రాం అయ్యేసరికి స్టేషన్‌లో ఫోన్లన్నీ మోగుతున్నాయి. మేడం పరుగులాంటి నడకతో వచ్చి అనర్గళం చేతులు పట్టుకుంది. "ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదండీ మీరు. ఆ గంట మీదే," అంది. అనర్గళం కృతజ్ఞతగా నవ్వాడు. నవ్వు ఒకవైపుకే వచ్చింది.

ఇద్దరూ టాక్సీలో ఇంటికి బయల్దేరారు. సగం దారిలో బామ్మర్ది గొంతు సవరించుకున్నాడు.

"నేననేది ఏమిటంటే బావా..." అని అలవాటు ప్రకారం ఆగాడు. బావ చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. "ఆ ఖాళీకి ముందు డ్రమ్ము ఎంత బాగుంటుందో ఎప్పుడైనా విన్నావా? అది అంత బాగుండబట్టే ఆగిపోగానే మనకి అంత దిగులేస్తుంది. నాకూ ఆ పాటంటే ఇష్టమే. ఇన్నాళ్ళూ అది చెబుదామనే చూశాను."

అనర్గళం కళ్ళు చెమ్మగిల్లాయి. బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి ఇల్లొచ్చేదాకా తియ్యలేదు. మూడింటికి మత్తు దిగింది. మూడుంబావుకల్లా భార్యకు జరిగిందంతా మూడుసార్లు చెప్పాడు.

మర్నాడు మేడం వచ్చేవారం అతిథి ఎవరో ఆయనకు తెలియజేసి, ఆ ఉదయానికి పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు కూడా తనే తీసుకున్నానని చెప్పింది.