రైలు రాని జంక్షన్‌లో బంగారు మేకు

"నూట నలభై ఏళ్ళుగా మనల్ని మోసం చేస్తున్నారు! ఈ ఊరికి రైలు రాలేదన్నది పచ్చి అబద్ధం. వచ్చింది! ఇదిగో మేకు!"

టౌన్ హాలు మెట్ల మీద నిలబడి మా మేయరు డ్వేన్ స్కోగ్‌లండ్ గారు జానెడు ఇనప ముక్కను ఆకాశానికెత్తి చేసిన ప్రకటన ఇది. మేకు చూసినవాళ్ళు కొందరు, మేయర్ని చూసినవాళ్ళు కొందరు. రెంటికీ పైన తల లేదన్న సంగతి ఆ క్షణాన ఎవరూ గమనించలేదు.

మా ఊరి పేరు ఓడెగార్డ్ జంక్షన్. పేరు ముందు పెట్టేసి, స్టేషను కూడా ముందు కట్టేసి, మా పూర్వీకులు రైలు కోసం టోపీలు పట్టుకుని నిలబడ్డారు. అది కాస్తా తొమ్మిది మైళ్ళ అవతల పక్కూరికి పోయింది. మిన్నెసోటా మొత్తంలో పట్టాలు లేని జంక్షన్ మాదొక్కటే. ఇంతటి అవమానాన్ని ఒక్క మేకుతో తుడిచిపెట్టిన మేయరుగారు సామాన్యులా? పైగా ఆయన రాష్ట్ర సెనేటుకు పోటీ చేస్తున్నారు. 'రైలు తెచ్చిన డ్వేన్' అని బోర్డులు అప్పటికే అచ్చయ్యాయి. మేకు తర్వాత దొరికింది.

దొరికిన చోటు వెర్నా ఒప్సాల్ గారి పొలం. దొరికించిన యంత్రం నాది. నేను మా ఊరి మెటల్ డిటెక్టర్ సంఘానికి కార్యదర్శిని. మొత్తం అయిదుగురం. ఇరవై ఏళ్ళుగా నేలంతా గాలించి బీరు డబ్బా మూతలు, గుర్రపు నాడాలు, ఒక కట్టుడుపళ్ళ సెట్టు సాధించాం. ఇనుము ఏదైనా గుర్తుపట్టడానికి మా దగ్గరో బొమ్మల పుస్తకం ఉంది. మేయరుగారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఏమయ్యా కార్యదర్శీ, ఇది రైలు మేకేనని రాసివ్వు."

నేను పుస్తకం తెరిచాను. "అయ్యా, రైలు మేకుకి తల ఉంటుందండీ. పట్టాని పట్టుకోడానికి టోపీ అంచులా ఓ పక్కకి వంగి ఉంటుంది. కొస ఉలిలా బల్లపరుపు. దీనికి తల లేదు, కొస సూదిగా ఉంది."

"జనం ఎక్కువెక్కారు. తల అరిగిపోయింది."

"పైన నట్టు బిగించడానికి మరచుట్లు కూడా ఉన్నాయండీ."

"మరి రైలు ఊడిపోతే? బిగించుకోరూ?"

"ఇది దంతె పన్ను అనుకుంటానండీ. దుక్కిలో మట్టిగడ్డలు చిదిపే దంతెకుంటుంది చూడండి..."

"పన్నుల గురించి నువ్వు నాకు చెప్పేదేంటి? ఈ ఊళ్ళో పన్నులేసేది నేను!"

ఇంతటి తర్కం ముందు నేను పుస్తకం మూసేశాను. మరునాడు ఆ పన్నుకి బంగారు రంగేశారు. రైలుమార్గం పూర్తయినప్పుడు కొట్టే ఆఖరి మేకు బంగారందే కావాలట. మా మార్గానికి మొదటి మేకూ అదే, ఆఖరిదీ అదే.

ఆ వారమే కౌన్సిల్లో ఇనప వారసత్వ ఆర్డినెన్సు పాసైంది. నలుగురు సభ్యుల్లో ఒకరు మేయరుగారి బావమరిది, మిగతా ముగ్గురూ ఆ బావమరిది పేకాట జట్టు. రైలు కాలం నాటి మేకులు మూడు దొరికిన ఏ నేలైనా ఊరి ఆస్తి. ఎవరి నేలనైనా ఎవరైనా డిటెక్టరుతో పరీక్షించవచ్చు. ఆ వాక్యం మేయరుగారు స్వహస్తాలతో చేర్చారు, వెర్నా గారు గేటు తియ్యనంటారేమోనని. శనివారానికి ఆమె పొలంలో పదకొండు మేకులు తేలాయి. ఎకరానికొకటి చొప్పున పదకొండెకరాలూ పోతాయి. అక్కడ రైల్వే మ్యూజియం లేస్తుంది. దాని ముందు విగ్రహం లేస్తుంది. ఎవరి విగ్రహమో వినయంతో మేయరుగారు చెప్పలేదు.

వెర్నా గారికి డెబ్బై నాలుగేళ్ళు. ఆ పదకొండెకరాలు, ఓ పాత ట్రాక్టరు తప్ప ఇంకో ఆధారం లేదు. మేయరుగారికి చిన్నప్పుడు చర్చిలో ఆదివారం పాఠాలు చెప్పిందావిడే. పొలం మీద కౌన్సిలు పెట్టిన విచారణకి ట్రైలరు మీద ఓ ఇనప చట్రం వేసుకుని వచ్చింది. వరసలు వరసలుగా బెజ్జాలు.

"ఒరే డ్వేన్, ఇది మా మామగారి దంతె. ఏటా నట్లు వదులై పళ్ళు రాలిపోతే బోసినోరై కూర్చుంది. నీ మేకులు తెచ్చి ఇందులో పెట్టి చూడు."

పెట్టి చూశాం. పదకొండుకి పదకొండూ బిగిసి కూర్చున్నాయి. మేయరుగారు చట్రం చుట్టూ ఒకసారి తిరిగారు. కళ్ళు చెమర్చాయి.

"మిత్రులారా! ఇన్నాళ్ళూ మేకులే ఉన్నాయనుకున్నాం. ఇంజనుకి ముందు ఆవుల్ని పక్కకి నెట్టే జాలీ కూడా దొరికింది!"

చప్పట్లు. నేనూ కొట్టాను. చట్రాన్ని కూడా ఊరి ఆస్తిగా రాసుకున్నారు. పది రోజుల్లో పొలం ఖాళీ చెయ్యమన్నారు. రైలు పట్టా ఒక్కటీ లేని ఊళ్ళో పొలం పట్టా రద్దయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీ తాగుతుంటే వెర్నా గారు నా పక్కన కూర్చుంది. "నీ యంత్రం ఓ గంట ఇస్తావా అబ్బాయ్?"

"ఎక్కడికండీ?"

"షార్లీన్ పూలమొక్కలు చాలా బావున్నాయట. చూసొద్దాం పద."

షార్లీన్ అంటే మేయరుగారి భార్య. వాళ్ళింటి ముందు పూలమడుల చుట్టూ రైలు పట్టాల కింద పరిచే పాత స్లీపరు దుంగలు పేర్చి ఉంటాయి. మా ప్రాంతంలో కాస్త స్తోమతున్న ప్రతి ఇంటికీ అదే అలంకారం. యంత్రం అటు తిప్పానో లేదో, పురిటినొప్పులొచ్చినట్టు కేక పెట్టింది. పుచ్చిన దుంగల్లోంచి, వాటి కింది మట్టిలోంచి తొమ్మిది మేకులు తీశాం. ఓ పక్కకి వంగిన తల, ఉలిలాంటి కొస. పుస్తకంలో బొమ్మకీ వాటికీ కవలల పోలిక. కార్యదర్శి హోదాలో నేను వెంటనే రిపోర్టు రాశాను: 'మేయరుగారి ప్రాంగణం రైలు వారసత్వానికి పుట్టినిల్లు. ఆయన కాపురం చేస్తున్నదే స్టేషన్లో.'

సోమవారం కౌన్సిలు కూర్చుంది.

"ఇదేం న్యాయం?" అన్నారు మేయరుగారు. "అవి నర్సరీలో కొన్న దుంగలు! పక్కూరి పాత లైను పీకితే వచ్చినవి!"

"పక్కూరిదా?" అంది వెర్నా గారు. "మన ఊరికి రైలొచ్చిందన్నావు కదరా. మరి మేకులు పక్కూర్నించెందుకు రావాలి?"

"మీ పొలంలోకి వచ్చింది. మా ఇంటికి రాలేదు."

"మా పొలందాకా వచ్చిన రైలు తర్వాత ఎటు పోయిందిరా? నీ పూలమడి ఆ దారిలోనే ఉంది."

బావమరిది మెల్లిగా అన్నాడు: "ఆర్డినెన్సు ప్రకారం మూడుంటే చాలు బావా. మీ దగ్గర తొమ్మిదున్నాయి."

క్లర్కు ఆర్డిస్ గారు కలం పట్టుకుని అడిగింది: "మేయరుగారూ, మినిట్స్‌లో ఏమని రాయమంటారు? రైలొచ్చిందనా, రాలేదనా?"

వెనక వరసలో షార్లీన్ గారు భర్త వంకే చూస్తోంది. మేయరుగారు గోడ మీద 'రైలు తెచ్చిన డ్వేన్' బోర్డు చూశారు. భార్యని చూశారు. మళ్ళీ బోర్డు చూశారు.

"వచ్చింది. ఆగలేదు. ఆగని రైలుకి స్థలం అక్కర్లేదు. ఆర్డినెన్సు రద్దు."

నాలుగు నిమిషాల్లో రద్దయింది. చరిత్రలో ఏ రైలూ ఇంత వేగంగా వెళ్ళలేదు. పొలం వెర్నా గారిదే. చట్రమూ, పది పళ్ళూ తిరిగిచ్చేశారు. పదకొండోది, అంటే బంగారుది, అద్దాలపెట్టెలో ఉంటుందన్నారు. ఆ పెట్టె తాళంచెవి మా సంఘం కార్యదర్శి దగ్గరుంటుంది. అది ఏనాడూ పోలేదని పాఠకులకి మనవి.

పెట్టె ఆవిష్కరణ మే నెల మొదటి శనివారం. టౌన్ హాలు కిటికీలోంచి చూస్తే వెర్నా గారు దుక్కి దున్నిన నేల మీద దంతె తోలుకుపోతోంది. ఎండ పడ్డప్పుడల్లా ఆ దంతెలో ఒక పన్ను తళుక్కుమంటోంది.

లోపల మేయరుగారు ఫొటోలవాళ్ళ వైపు తిరిగి చిరునవ్వుతో ఎర్రగుడ్డ లాగారు. పెట్టెలో ఏమీ లేదు. కింద ఇత్తడి ఫలకం మీద అక్షరాలు మాత్రం ధగధగలాడుతున్నాయి: 'ఈ ఊరికి రైలు వచ్చిందనడానికి తిరుగులేని ఆధారం.'

అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.